రెండు చేతుల మీద తెల్లగుడ్డ

ఆఖరి వరద వచ్చి వెళ్ళిన ముప్పై రెండో ఏట, చలికాలంలో, పొద్దున్న ఎనిమిదింటికి పడవ దిగి గుడికి వచ్చిన గుంపులో దాహీ ఉన్నాడు. మేము ఏళ్ళను వరదలతోనే లెక్కపెట్టేవాళ్ళం. పైన పెద్ద ఆనకట్ట లేచాక నదికి వరదే లేదు, ఏ నెల చూసినా ఒకేలా, మందు తాగి పడుకున్న రోగిలా పారుతుంది. అయినా నా లెక్క మారలేదు. ఆ ఆఖరి వరద తీసిన నెలలోనే దాహీ మా అన్న బఖీత్‌ను చంపాడు. తర్వాతి ఏళ్ళకు వేరే గుర్తు అవసరం పడలేదు.

ఎద్ఫూ గుడిలో నేను కాపలావాణ్ణి. గుడికీ దాని చుట్టుగోడకూ మధ్య ఇరుకు నడవ ఒకటుంది, మధ్యాహ్నం తప్ప ఎండ దిగదు, అది నా చోటు. పడవల్లో గుడి చూడవచ్చే జనమంటే నాకు పడదు. ఒక్కో పడవ గుడికి గంటా పావు ఇస్తుంది. ఆ గంటా పావులో వాళ్ళు రాయిని చూడరు, రాయి ముందు తమను చూసుకుంటారు. డేగ దేవుడి రాతిబొమ్మ ముక్కు పట్టుకుని పళ్ళు ఇకిలిస్తారు. ఆ డేగంటే కూడా నాకు పెద్ద ప్రేమ లేదు. ముప్పై ఏళ్ళు ఎవరి ముఖమైనా రోజూ చూస్తే అది ముఖంగా కనబడడం మానేస్తుంది. గోడల మీది రాజులందరూ ఒకే పని చేస్తుంటారు, ఎడమ చేత్తో శత్రువుల జుట్టు పట్టుకుని కుడి చేత్తో గద ఎత్తుతారు, ఎత్తిన గద దించరు. నేను వాళ్ళలో ఒకణ్ణని ఎన్నో మధ్యాహ్నాలు అనుకున్నాను, నాకు జుట్టు చేతికందలేదు, అంతే తేడా అని. ఆ పొద్దున్న వచ్చింది తెల్లవాళ్ళు కాదు, సూయజ్ ఫ్యాక్టరీ కార్మిక సంఘం వాళ్ళు, ఏడాది మధ్య సెలవుల్లో పెళ్ళాలతో చౌకగా నది మీద తిరిగేవాళ్ళు. వాళ్ళంటే ఇంకా పడదు. తెల్లవాళ్ళు నాతో మాట్లాడరు, వీళ్ళు మాట్లాడతారు. ఒక బట్టతల మనిషి, పొట్ట ముందుకు, ప్యాంటు పొట్ట కిందికి, డేగను చూడడానికి తల పైకెత్తాడు. ఎండ వాడి ఎడమ చెవి మీద పడింది. పై సగం లేదు.

ఆ సగం చెవి ఎక్కడ పోయిందో నాకు తెలుసు, నేనక్కడే ఉన్నాను. చెరకు నరికే రోజులు, నేనూ అన్నా దాహీ ముగ్గురం మోపులు కట్టి ఒంటె మీద వేస్తున్నాం, ఒంటె తల తిప్పి పచ్చిగడ్డిలా దాహీ చెవి కొరికింది. అన్న ఆ చెవి గాయంలో కాఫీపొడి కుక్కి, తన తలపాగా విప్పి కట్టి, వాణ్ణి వీపున వేసుకుని ఊళ్ళోకి పరిగెత్తాడు. వాడి నెత్తురు అన్న అంగీ మీద నడుము దాకా కారింది. అమ్మ ఉతుకుతూ తిట్టింది, మనది కాని నెత్తురు వదలదురా అని. పన్నెండేళ్ళ తర్వాత అన్న నెత్తురు వాడి పార మీద. దాన్ని ఎవరు ఉతికారో, వాడి తల్లి ఉతికిందో, పోలీసులు అలాగే మూటగట్టి పట్టుకుపోయారో. దాహీ పెద్దవాడైపోయాడు. నాకన్నా పెద్దగా కనబడుతున్నాడు. పదిహేనేళ్ళు జైల్లో తిన్న పప్పు, ఆ తర్వాత సూయజ్‌లో పెళ్ళాం వండిన చేపలు, అన్నీ పొట్టలో చేరాయి. మా అన్నకు పొట్ట రాలేదు. ముప్పై దాటలేదు వాడు.

"ఏంట్రా హిఫ్నీ, ఆ బట్టతలాయన్ని చూపుల్తోనే నమిలేస్తున్నావు?" అన్నాడు జాద్. నాతోపాటు కాపలా చేస్తాడు, పొద్దుతిరుగుడు గింజలు నముల్తూ గంటల కొద్దీ మాట్లాడతాడు. "పిల్లనిస్తానని చెప్పి ఎగ్గొట్టాడా ఏంటి?"

"దాహీ," అన్నాను.

"ఏ దాహీ?"

జాద్ నా ముఖం చూశాడు. వాడి దవడ ఆగిపోయింది. "ఒరే. ఒరే హిఫ్నీ. గేటు దగ్గర పోలీసులున్నారు. నీకు పింఛను ఇంకా నాలుగేళ్ళేరా."

"ఖలఫ్‌కు చెప్పకు."

"నేనెందుకు చెప్తాను? మా అమ్మ మీద ఒట్టు."

జాద్ ఒట్టు పెట్టుకున్నాడంటే సాయంత్రానికి నది అవతలి ఊళ్ళో కూడా తెలుస్తుంది. అందుకే నాకు సాయంత్రం లేదు, ఆ గంటా పావే ఉంది, అందులోనూ పావు అయిపోయింది.

ఖలఫ్ మా అన్న కొడుకు. అన్న పోయేసరికి తల్లి కడుపులో ఉన్నాడు. గేటు బయట గుర్రబ్బళ్ళ వరసలో వాడి బండి ఉంది, రేవు నుంచి జనాన్ని గుడికి తెస్తాడు, వాళ్ళు చూసి వచ్చేదాకా ఆగి మళ్ళీ రేవుకు చేరుస్తాడు. ఎక్కించుకున్న వాళ్ళనే తిరిగి ఎక్కించుకోవాలి, అది బండ్లవాళ్ళ కట్టు. ఆ పొద్దున్న సూయజ్ వాళ్ళను తెచ్చిన బళ్ళలో వాడిదీ ఉందని నాకు తెలుసు, ఆ పడవకు వంతు వాడి వరసదే. దాహీ ఏ బండెక్కాడో తెలియదు. నా తండ్రిని చంపినవాడు నా వెనక సీట్లో కూర్చున్నాడు, నా మెడ చూస్తూ వచ్చాడు అని ఖలఫ్‌కు తెలిస్తే. వాడికి ఇద్దరు ఆడపిల్లలు, భార్యకు మూడోది ఏడో నెల. వాడి చేయి ముందు లేస్తే ఉరి వాడికి. నా చేయి ముందు లేస్తే ఉరి నాకు, నేను ఎలాగూ పొగాకు దగ్గుతో పోయేవాణ్ణే. ఎవరి చేయీ లేవకపోతే, హిఫ్నీ చూసి కూడా వదిలేశాడని ఊరంతా అంటుంది, అప్పుడు ఖలఫ్ సూయజ్ రైలెక్కుతాడు. ఎలా తిప్పినా ఆ పని వాడి మెడకే చుట్టుకుంటోంది. నేను ముందు చెయ్యాలి. ఇంత సులువైన లెక్క నాకు ఎన్నడూ తగల్లేదు. బడిలో చదివిన మూడేళ్ళలో ఏ లెక్కా ఇలా తేలలేదు.

అన్నవన్నీ నాకు వచ్చాయి. అన్న మంచం, అన్న గేదె, అన్న భార్య ఫహీమా. చావు నలభై రోజులూ, ఖలఫ్ పుట్టాక పురుటి నలభై రోజులూ గడిచాక, పెద్దలు కూర్చుని ఆమెను నాకిచ్చారు, ఇల్లు చెదరకూడదని. మంచిదే. ఆమె నన్ను ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు, నేనూ పిలవలేదు. అన్నం పెడుతుంది, ఎదురుగా కూర్చుంటుంది, ఆ చూపులో ఒక ప్రశ్న ఉంటుంది, అది ముప్పై రెండేళ్ళలో ఒక్కరోజు కూడా తగ్గలేదు. దాహీని జైలు నుంచి వదిలే రోజు తెలిసి నేను కైరో వెళ్ళాను, అంగీ లోపల గొర్రెలు కోసే కత్తి, జైలు గేటు దగ్గర పొద్దున్నుంచి నిలబడ్డాను. ముందు రోజే వదిలేశారని సాయంత్రం ఒక జవాను చెప్పాడు. ఇంటికి వస్తే ఫహీమా నా చేతుల వైపు చూసింది. కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు పెట్టింది. ఆ నీళ్ళు పెట్టిన తీరు నేను మర్చిపోలేదు, చెంబు నేల మీద కొట్టినట్టు పెట్టింది.

ఇదంతా రెండు జానల నేల గురించి. వరద పొలాలన్నిటినీ ఒకటే చెరువు చేసేది, తీశాక మోకాలి లోతు ఒండ్రు, గట్టు ఎక్కడో రాయి ఎక్కడో ఎవరికీ తెలిసేది కాదు. అందుకే పక్క పొలాలవాళ్ళు ఇద్దరూ కలిసి కొలతకర్ర పట్టుకుని సరిహద్దు రాయి పాతాలి, ఒకరు లేకుండా ఒకరు పాతకూడదు. దాహీ తెల్లారకముందే ఒక్కడే వెళ్ళి పాతాడు. అన్న వెళ్ళి పీకాడు. వాడు పార ఎత్తాడు. ఒండ్రులో కాళ్ళు దిగబడి అన్న పక్కకు తప్పుకోలేకపోయాడు, నేను గట్టు మీంచి పరిగెత్తాను, నా కాళ్ళూ దిగబడ్డాయి, ఎంత లాగినా ఆ బురద ముద్దు పెట్టుకున్నట్టు చప్పుడు చేసి మళ్ళీ పట్టుకుంది. ఇరవై అడుగులు. మరుసటి ఏటి నుంచి వరద రాలేదు. గట్టు ఇక కదల్లేదు, ఈ రోజుకీ అక్కడే ఉంది, రాయి అక్కర్లేదు. ఒక్క ఏడాది ముందు ఆనకట్ట పూర్తయి ఉంటే మా అన్న ముసలాడై నాతో దెబ్బలాడుతుండేవాడు.

మా గుడి నడవలో, తూర్పు గోడ కింద, వరద కొలిచే బావి ఉంది. చీకటి మెట్లు కిందికి దిగుతాయి, గోడ మీద గీతలు, నది ఎంత లేచిందో పాతకాలం పూజారులు చూసుకునేవారు. ఇనుప తలుపు, తాళంచెవి నా మొలకు. పడవవాళ్ళకు మూసిన తలుపంటే ఆశ, మేము కన్ను గీటి రమ్మంటే గొర్రెల్లా వస్తారు, అది కాపలావాళ్ళందరి పద్ధతి, ఎవరికీ అనుమానం రాదు. వాడికీ అలాగే కన్ను గీటుతాను. రండి, ఎవరికీ చూపించనిది చూపిస్తాను అంటాను. ముందు వాణ్ణి దింపుతాను, వెనక నేను. పదకొండు మెట్లు దిగాక వంపు తిరుగుతుంది. నా చేతికర్రకు కింద ఇనుప కట్టు ఉంది. వెళ్ళి తాళం తీశాను. లోపల్నుంచి గబ్బిలాల వాసన, ఎండిపోయిన నీటి వాసన. ఒక మెట్టు దిగి కూర్చున్నాను. గీతల మీద చేయి పెట్టాను, ఆఖరి గీత ఏదో వెతికాను, తెలియలేదు. వాడు గీతలు చూసి ఏమంటాడు. వాడికీ వరద తెలుసు. ఇక్కడ దిగబోయే సూయజ్ వాళ్ళందరిలో వాడొక్కడికే ఈ గీతలు అర్థమవుతాయి అనుకున్నాను, ఆ ఆలోచన వచ్చినందుకు నా మీద నాకే అసహ్యం వేసి లేచాను.

పైకి వచ్చేసరికి వాడు నడవలోకి తిరిగి నా వైపే వస్తున్నాడు.

ఒక్కడే. కాళ్ళకు చెప్పులు లేవు. తల మీద ఏమీ లేదు. రెండు చేతులూ ముందుకు చాచి, వాటి మీద మడత పెట్టిన తెల్లగుడ్డ. మెల్లగా నడుస్తున్నాడు, రాళ్ళు గుచ్చుకున్నట్టు అడుగు ఆగి ఆగి వేస్తున్నాడు, కళ్ళు నేల మీదే. మా వైపు పుట్టినవాడికి దీన్ని ఎవరూ విడమరచి చెప్పరు. చంపినవాడు ఉత్తి కాళ్ళతో, ఉత్తి తలతో, తన కఫన్ తానే చేతుల మీద మోసుకుని చచ్చినవాడి ఇంటి మనిషి ముందుకు వస్తాడు. ఇదిగో నా శవవస్త్రం, చంపితే చంపు, వదిలితే వదులు అని. నోరు తెరవకూడదు. అలా వచ్చినవాడి మీద చేయి చేసుకున్న ఇంటికి ఏడు తరాలు పిల్లనివ్వరు. కుక్క. ముప్పై రెండేళ్ళు దాక్కుని, పోలీసులున్న చోటు చూసుకుని, పడవెక్కి, సంఘం వెనక నక్కి, నేను తాళం తీసిన నిమిషంలో వచ్చాడు. ఆ బావి నా వెనక తెరిచి ఉంది. నాకు సంతోషం కలగలేదు, ఎవరో నా చేతిలోంచి ముద్ద లాక్కున్నట్టయింది. వాడు నా ముందు ఆగి నోరు తెరవబోయాడు. నేను చేయి ఎత్తి ఆపాను. కర్ర గోడకు ఆనించి, వాడి చేతుల మీంచి గుడ్డ తీసుకుని, మా నాన్న ఎవరి గొడవలోనో అనగా చిన్నప్పుడు విన్న మాట, నా నోట ఎన్నడూ వస్తుందనుకోని మాట అన్నాను.

"నీ ప్రాణం నీకు వదిలాను. మా నెత్తురు దేవుడికి వదిలాను."

స్తంభం చాటున జాద్ "అల్లాహు అక్బర్" అని అరిచాడు. ఎప్పట్నుంచి నక్కి ఉన్నాడో. అరిచి, ఆగకుండా గేటు వైపు పరిగెత్తాడు.

దాహీ నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూస్తున్నాడు. వెనక నుంచి ఒక లావుపాటి ఆడమనిషి వచ్చింది, ఒక చేతిలో మగవాళ్ళ బూట్లు, నెత్తి మీద మగవాళ్ళ ఎండటోపీ, రెండో చేతిలో సంచులు.

"ఏవండీ, పంపెక్కడో కనుక్కోమంటే ఇక్కడ నిలబడిపోయారేంటి? కాళ్ళు కడుక్కుంటే వాపు తగ్గుద్దన్నారుగా. అయ్యో, నా బల్లగుడ్డ ఆయనకిచ్చేశారేంటండీ? సంచిలో పెడితే నలుగుద్దని చేతుల మీద పెట్టాను గానీ, దానం చెయ్యమన్నానా?"

చేతుల్లోని గుడ్డ వైపు చూశాను. మడత అంచున ఎర్రదారంతో పువ్వులు, ఆకుపచ్చ కాడలు. రేవులో మావాళ్ళు అమ్మే గుడ్డ. దాహీ నా చేతుల్నీ, గుడ్డనీ, తన ఉత్తి కాళ్ళనీ చూసుకున్నాడు. వాడు ఆ ఆచారం మరిచిపోలేదు, మరిచిపోవడం కుదరదు. ముఖం సున్నం కొట్టినట్టయింది. ఆ తర్వాత నా ముఖంలోకి చూశాడు, మొదటిసారి.

"హిఫ్నీ?" అన్నాడు.

ఆమె గుడ్డకోసం చేయి చాపింది. వాడు ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "వదిలెయ్."

"ఎందుకు వదలాలి? అరగంట బేరమాడాను!"

"నోర్ముయ్యవే, నీకు దణ్ణం పెడతాను."

అది కఫన్ కాకపోతే నా మాట మాట కాదు. వాడు బల్లగుడ్డ మోశాడు, నేను బల్లగుడ్డ మీద మాటిచ్చాను, ఏ పెద్దా దాన్ని నిలబెట్టడు. కర్ర గోడకే ఉంది. బావి తెరిచే ఉంది. ఎందుకొచ్చావని నేను అడగలేదు. అడిగితే చెబుతాడు. చెబితే మనిషవుతాడు. నా చేయి కర్ర వైపు పోయింది, నిజం, నేను అబద్ధం రాయను, వేళ్ళు కర్ర మీద పడ్డాయి. అప్పుడే నడవ చివర ఖలఫ్ కనబడ్డాడు, చేతిలో కొరడా, వెనక జాద్, ఆ వెనక ఇద్దరు బండ్లవాళ్ళు. వాడి నడక అన్నదే. ముప్పై దాటిన నడక ఎలా ఉంటుందో అన్న చూపించలేదు, వీడే చూపించాడు. నేను కర్ర వదిలి, పువ్వులు లోపలికి పోయేలా గుడ్డను తిరగేసి మడిచి, గుండెకు అదుముకున్నాను.

"ఇతనా?" అన్నాడు ఖలఫ్. "ఇతను నా బండే ఎక్కాడు చిన్నాన్నా. దారంతా నా గుర్రానికి ఎముకలు లెక్కపెట్టాడు." నవ్వుతున్నట్టే ఉంది కానీ వాడి పెదవులు తెల్లబడ్డాయి. "జాద్ మామ కఫన్ తెచ్చాడంటున్నాడు. ఏదీ, చూపించు."

"పెద్దల ముందు చూద్దువు."

"బూట్లు వాళ్ళావిడ చేతిలో ఎందుకున్నాయి?"

ఆమె ఏదో అనబోతే దాహీ ఆమె మణికట్టు ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"చిన్నాన్నా, నా కళ్ళలోకి చూసి చెప్పు. అది కఫనేనా?"

నేను పిల్లాడితో ఎప్పుడూ ఎక్కువ మాట్లాడలేదు. వాడి చిన్నప్పటి నుంచీ నేను మాట్లాడింది మొత్తం కలిపితే ఒక పూటకు రాదు. వాడికి ఒక్క అబద్ధం చెప్పలేదు, చెప్పేంత మాటలు మా మధ్య లేవు. కళ్ళలోకి చూశాను.

"కఫనే," అన్నాను. "నీ తండ్రి నెత్తురు నేను వదిలాను. వినబడిందా? బండి దగ్గరికి పో. ఎక్కించుకున్నవాణ్ణి రేవుకు చేర్చు."

పడవ మొదటి కూత వేసింది. ఖలఫ్ దాహీ పాదాల దగ్గర ఉమ్మాడు, గురి తప్పకుండా, ఆ వాపు కాళ్ళకు అంగుళం దూరంలో. "ఎక్కు," అన్నాడు. "ముందు మీ ఆవిణ్ణి ఎక్కనీ. గుర్రం బక్కది, నెమ్మదిగా పోనిస్తాను." వాళ్ళు వెళ్ళారు. దాహీ నడవ మలుపు దగ్గర వెనక్కి తిరిగి, దేవుడు నీకు మేలు చేస్తాడు హిఫ్నీ అన్నాడు. వాడి నోటి నుంచి వచ్చే మేలు నాకొద్దు. నేను వాణ్ణి క్షమించలేదు, ఈ ముక్క రాస్తున్నప్పుడు కూడా క్షమించలేదు, వాడి పడవ దారిలోనే మునిగితే బాగుండునని ఆ రోజంతా అనుకున్నాను. బావి తలుపు మూసి తాళం వేశాను. రెండో పడవ వచ్చింది.

మధ్యాహ్నానికి ఊరంతా తెలిసింది. ఫహీమా అన్నలూ మా పెద్దలూ కబురు పెట్టారు, రేపు పొద్దున్న వస్తాం, కఫన్ చూస్తాం, అందరి ముందూ పాతిపెట్టి ఆ మాట మూసేద్దాం అని. ఫహీమా నాకు అన్నం పెట్టి, ఎదురుగా కూర్చోకుండా వెళ్ళిపోయింది.

మర్నాడు తొలి నమాజు అయ్యాక మిద్దె మీదికి వెళ్ళి, వెలుగు సరిగ్గా రాకముందే ఆ బల్లగుడ్డ ఒళ్ళో వేసుకుని, పువ్వులు విప్పడం మొదలుపెట్టాను. ఒక్కో దారం సూదిమొనతో లేపి, తెంపి, లాగాలి. నా వేళ్ళు మొద్దువి, గుడ్డ చిరగకూడదు. నాలుగు అంచులా ఇరవై పువ్వులు కుట్టి తగలడ్డారు. ఎనిమిదో పువ్వు దగ్గర ఫహీమా టీ తెచ్చింది. గుడ్డను చూసింది, నా ఒళ్ళో ఎర్రదారాల కుప్ప చూసింది. కిందికి వెళ్ళి ఇంకా సన్నటి సూది తెచ్చి టీగ్లాసు పక్కన పెట్టి, మిద్దె తలుపు దగ్గరగా వేసుకుని దిగిపోయింది. పువ్వులు పోయిన చోట సన్నటి చిల్లులు మిగిలాయి. నీళ్ళలో ముంచి, బండ మీద బాదితే కొన్ని పూడాయి, కొన్ని పూడలేదు. కింద వీధి తలుపు తట్టిన చప్పుడు అయ్యేసరికి అది ఇంకా ఆరలేదు. తడిగుడ్డనే నాలుగు మడతలు వేసి రెండు చేతుల మీద పెట్టుకుని, మెట్లు దిగి, మోచేత్తో గడియ తీశాను.